సంశయ ఫలము - దాని పుట్టుపూర్వోత్తరములు

విక్రమసింహపురి యని ప్రసిద్ధి కెక్కిన నెల్లూరిలో మనుమసిద్ధి భూపాలునికి మంత్రియై వెలసిన తిక్కన సోమయాజికి దశకుమారచరిత్రము నంకితమిచ్చిన మూలఘటిక కేతన, విజ్ఞానేశ్వరుని మితాక్షర ననుసరించి, పదుమూడవ శతాబ్దిలో విజ్ఞానేశ్వరీయమను ధర్మశాస్త్ర గ్రంథమును తెలుగు పద్యములలో రచించెను. నేరము రుజువు కాక, లేదని త్రోసివేయనూ వీలుకాక, తీర్పరి మనస్సు డోలాయమానమైనపుడు ఆ సంశయ ఫలము ఎవరికి చెందవలెనను ప్రశ్న ఈ తీరమునకు ఎంత పాతదో తెలియవలెనన్నచో, అట్టి ధర్మశాస్త్ర సంప్రదాయమునుండియే ఆరంభింపవలెను.

మితాక్షరకు మూలమైన యాజ్ఞవల్క్యస్మృతి పత్రము, అనుభవము, సాక్షులు అను మూడింటిని ప్రమాణములుగా జెప్పి, అవి లేనిచోట దివ్యములను, అనగా దైవపరీక్షలను, విధించినది. అందు అగ్నిదివ్యము చూడుడు: అభియుక్తుని అరచేతులను వడ్లతో రుద్ది, పూర్వమున్న మచ్చలను గుర్తించి, ఏడు రావి ఆకులను దారముతో గట్టి, ఏబది పలముల యెఱ్ఱగా కాల్చిన ఇనుపగుండును వానిపై నుంచి, ఏడు మండలములు మెల్లగా నడువుమందురు. గుండు విడిచిన పిమ్మట మరల వడ్లు రుద్దినపుడు చేయి కాలకున్నచో శుద్ధుడు. నడుమ గుండు జారినను, కాలెనో లేదో యని సందేహము కలిగినను, మరల మోయవలసినదే. అనగా నాడు సంశయ భారమును మోసినవాడు అభియుక్తుడే.

అట్లని అనుమానముతో దండించుట తగదను ఎఱుక మనవారికి లేకపోలేదు. ఆశ్రమములో దొంగలు సొత్తు దాచగా, మౌనవ్రతుడైన మాండవ్యుని మౌనమునే నేరముగా నెంచి రాజభటులు కొఱత వేసిన కథ భారతమున ఆదిపర్వమునందే కలదు.

ఈ సంశయ భారము అభియుక్తుని విడిచి అభియోగము తెచ్చిన పక్షమునకు మారుటకు పలు దేశముల ఆలోచన తోడ్పడినది. నిర్దోషిని దండించుటకంటె దోషిని విడుచుట మేలని రోము చక్రవర్తి త్రాజాను, తన కాలమున (98-117) వ్రాసిన ఉత్తరువులో నిర్ణయించెను. సందేహము తగిలినచోట 'హద్దు' అనబడు నియత శిక్షలు తొలగవలెనని ఇస్లాము ధర్మశాస్త్రవేత్తలు చెప్పిరి. 1801లో నెల్లూరు సీమ కుంఫిణీ పాలనలోనికి వచ్చి, 1802లో చెన్నపట్టణమున సదర్ ఫౌజ్‌దారీ అదాలతు ఏర్పడినపుడు, ఆరంభమున అనుసరించినది ఆ ఇస్లాము నేరశాస్త్రమునే. ఇంగ్లండున న్యాయశాస్త్రవేత్త బ్లాక్‌స్టన్ 1769లో పదిమంది దోషులు తప్పించుకొనుట ఒక నిర్దోషి బాధపడుటకంటె మేలని వ్రాసెను. ఇట్లు సాగిన ధారకు ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ రూపొందించిన 1872 సాక్ష్య చట్టము మన దేశమున ఆకృతి నిచ్చినది. అందు రుజువైనది, అబద్ధమని తేలినది, రుజువు కానిది అని మూడు స్థితులు వేఱుచేయబడెను. 1935లో ఇంగ్లండు ప్రభువుల సభ వూల్మింగ్‌టన్ వ్యాజ్యమున, నేరమును రుజువుచేయు భారము సాధారణముగా ఫిర్యాది పక్షమునదే యని స్పష్టపఱచెను.

ఇక నియమము పనిచేయు తీరు. మైపాడు ఒడ్డున ఎండవేసిన వల పోయి మఱొకని పడవలో దొరకెననుకొందము. పడవ వానిదగుట నిజము. రాత్రి పదిమంది ఆ పడవ పక్కన తిరుగుటయు నిజము. ఎవరు వేసిరో చూచిన సాక్షి లేడు. అతడే దొంగయనుట సంభవమే, కాని దానికి సరితూగు మఱొక సమాధానము చెరగక నిలిచియున్నంతకాలము అతనిని శిక్షింపరాదు. ఆ సందేహము సహేతుకమై సాక్ష్యమునుండి పుట్టినదిగా నుండవలెను. ఊహలో మొలచిన ప్రతి శంకకును తలయొగ్గి సంశయ ఫలమును అతిగా ఇయ్యరాదని 1973లో బొబడే వ్యాజ్యమున సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ కృష్ణయ్యరు హెచ్చరించెను.

న్యాయస్థానమున ఇట్లు బయటపడినవానిని చూచి, 'సాక్ష్యము లేక వదిలిరి గాని, దొంగయే' యని రచ్చబండ మీద మాటలాడుట మనలో అలవాటైనది. ఇది మాండవ్యుని కొఱత వేసిన రాజభటుల తీరు. సంశయ ఫలము న్యాయమూర్తి దయతో పెట్టిన భిక్ష కాదు, ముద్దాయి హక్కు. దానిని కోర్టు ఇచ్చినపిమ్మట ఊరు తిరిగి గుంజుకొనరాదు. కనుక పాఠకులారా, విడుదలైనవాడు వీధిలో ఎదురైనచో వానిని నిర్దోషిగానే పలుకరింపుడు.