సాగరతీరాన వెలియని ఆకాశహర్మ్యాలు

వరంగల్: హుస్సేన్‌సాగర్ చుట్టూ వంద అంతస్తుల వరకు ఎత్తైన ఆకాశహర్మ్యాలు నిర్మిస్తామని 2014 నవంబరులో అప్పటి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖర్‌రావు ప్రకటించారు. రాష్ట్రం ఆవిర్భవించిన ఏడాదే వెలువడిన ఈ ప్రతిపాదన విస్తృత చర్చకు దారితీసింది. అయితే వాటిలో ఒక్కటీ నిర్మాణానికి నోచుకోలేదు. మామునూరు విమానాశ్రయ పునరుద్ధరణకు అనుమతి పొందిన ఓరుగల్లు ఆ అనుభవాన్ని తెలుసుకోవడం అవసరం.

ఎత్తుకు హద్దు
హుస్సేన్‌సాగర్‌కు వాయవ్యాన బేగంపేట విమానాశ్రయం ఉంది. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభం కావడంతో ఇక్కడ ప్రయాణికుల విమానాలు నిలిచిపోయినా, వైమానిక దళ, ప్రముఖుల విమానాల రాకపోకలు ఆగలేదు. అందువల్ల పరిసర భవనాలకు ఎత్తు పరిమితులు కొనసాగాయి. నిబంధనల ప్రకారం పెద్ద రన్‌వేకు సుమారు 4 కి.మీ. లోపు సాధారణంగా 45 మీటర్లు, అంటే దాదాపు 15 అంతస్తులు మించరాదు. ఆపైన దూరం వంద మీటర్లు పెరిగితే ఎత్తు 5 మీటర్లు సడలుతుంది. ఈ సడలింపు సుమారు 150 మీటర్ల వద్ద ఆగిపోతుంది. వంద అంతస్తులంటే 300 మీటర్ల పైమాటే. ప్రతిపాదనకు తొలినుంచీ ఎదురైన ప్రధాన ప్రశ్న ఇదే.

తీరాన వెలసినవి
చివరకు సాగరతీరాన 2023లో మూడు నిర్మాణాలు ప్రారంభమయ్యాయి. ఏప్రిల్ 14న 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహాన్ని, అదే నెల 30న 265 అడుగుల సచివాలయాన్ని, జూన్ 22న అమరవీరుల స్మారకాన్ని ప్రారంభించారు.

మామునూరుకూ అవే నిబంధనలు
నిజాం కాలంలో 1930లో నిర్మించిన మామునూరు విమానాశ్రయం 1981 వరకు సేవలందించింది. దీని పునరుద్ధరణకు 2025 ఫిబ్రవరి 28న కేంద్ర పౌర విమానయాన శాఖ అనుమతినిచ్చింది. మరోవైపు నగరమూ పైకి పెరుగుతోంది. పాత కేంద్ర కారాగార స్థలంలో 24 అంతస్తుల ఆస్పత్రికి 2021 జూన్ 21న శంకుస్థాపన జరిగింది.

మామునూరు పరిసరాల్లో బహుళ అంతస్తుల భవనం తలపెట్టేవారు, అపార్టుమెంటు కోసం బయానా ఇచ్చేవారు ఆ స్థలంలో ఎంత ఎత్తుకు అనుమతి ఉందో, విమానాశ్రయ ప్రాధికార సంస్థ నిరభ్యంతర పత్రం అవసరమో కాదో ‘కుడా’, నగరపాలక సంస్థ కార్యాలయాల్లో ముందే విచారించుకోవాలి. సాగరతీరాన ప్రకటన ముందు వచ్చింది, ఎత్తు లెక్క తర్వాత తేలింది. ఓరుగల్లులో లెక్క ముందు తేలాలి.