రాయి ముందా, నూలు ముందా?

హైదరాబాదు బట్టల దుకాణాల్లో నేడు “గుడి అంచు” లేని పట్టుచీర అరుదు. నగల దుకాణాల్లో “టెంపుల్ జ్యువెలరీ”కి ఒక అర వేరే వుంటుంది. కాకతీయ తోరణం 2014లో తెలంగాణ రాజముద్రలోకి ఎక్కినప్పటినుంచి శాలువలమీదా, జుబ్బాల జేబులమీదా కూడా కనిపిస్తున్నది. వీటన్నిటి వెనుకా ఒకే మాట వినిపిస్తుంది: ప్రాచీన శిల్పులు రాతిలో చెక్కిన సౌందర్యాన్ని ఆధునిక డిజైనర్లు బట్టమీదికీ, నగమీదికీ దించారట. వినడానికి ఇంపుగానే వుంటుంది. ఐతే ఈ మాటలో క్రమం తలకిందులైంది. రాతినుంచి బట్టకు వచ్చిందని చెబుతున్న దానిలో చాలా భాగం అంతకు ముందే నూలునుంచి, కర్రనుంచి, దంతంనుంచి, తీగనుంచి రాతికి ఎక్కినదే. ఈ సంగతి తేల్చడానికి దూరం పోనక్కరలేదు. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో కావలసినంత సామగ్రి వున్నది.

గోదావరి గట్టున కోటిలింగాల, ఇవతల పెద్దబంకూరు, ధూళికట్ట. ఈ మూడు ఊళ్ళ మట్టిదిబ్బలూ శాతవాహన యుగానికి చెందినవి. కోటిలింగాలలో తొలి శాతవాహనుడు సిముకుని నాణేలు దొరికాయి. ధూళికట్టలో బౌద్ధస్తూపం బయటపడింది. దాని సున్నపురాతి పలకలమీద పడగ విప్పిన నాగుడు, పద్మాలు, స్తూపాల బొమ్మలు చెక్కివున్నాయి. ఆ పలకలు చెక్కినవారెవరో ఏ రాతా చెప్పదు. ఐతే అదే శాతవాహనుల పేరుతో ముడిపడిన మరొక చోట ఆ రాత మిగిలింది. మధ్యప్రదేశ్‌లోని సాంచీ స్తూపం దక్షిణ తోరణంమీద శ్రీ శాతకర్ణి పనివారికి పెద్ద అయిన ఆనందుడనే వాని దానశాసనం వున్నది. అదే తోరణంమీద మరొక శాసనం ఆ చెక్కడపు పని విదిశలోని దంతపు పనివారు చేసినదని చెబుతున్నది. అంటే చిన్న ఉలితో ఏనుగు దంతంమీద నగిషీ చెక్కే చేతులు పెద్ద రాతిమీదికి పోయాయి. స్తూపం చుట్టూ వున్న రాతికంచెను చూసినా అంతే. రాతికి అక్కరలేని కర్ర అతుకులను రాతిలో యథాతథంగా చెక్కారు. వడ్రంగి చేసిన కంచెను రాతిపనివాడు రాతిలో మళ్ళీ చేశాడు. సాంచీ దాతల జాబితాలో శ్రేష్ఠులు, భిక్షుణులతోబాటు ఒక నేతగాని పేరు కూడా వుండటం గమనించదగినది.

ఇది మన దేశపు విశేషం మాత్రమే కాదు. రోము వాస్తుశాస్త్రజ్ఞుడు విత్రూవియస్ రెండు వేల ఏళ్ళనాడే అయోనిక్ స్తంభాలమీది నిలువుగాళ్ళు స్త్రీల వస్త్రపు కుచ్చెళ్ళను పోలి వుంటాయని రాశాడు. బట్ట మడతను చూసి రాయి చెక్కారన్నమాట.

ఇక గుడి అంచు సంగతి చూద్దాం. అంచునుంచి చీర ఒంటిలోకి వరసగా పొడుచుకువచ్చే త్రికోణాలే గుడి అంచు. గద్వాల చీరల్లో దీనిని కోటకొమ్మ అని కూడా అంటారు. ఆ పేరు నేతగాళ్ళే పెట్టుకున్నది. మగ్గంమీద పడుగు నిలువు, పేక అడ్డం. ఈ రెంటికీ మధ్య మూడో దారి లేదు. ఏటవాలు గీత గీయాలంటే ఒక పోగు దాటి ఒక పోగు, మెట్టు మెట్టుగా పోవలసిందే. ఒంటి రంగు పేకనూ, అంచు రంగు పేకనూ వేర్వేరు నాడెలతో నడిపి, రెండూ కలిసేచోట ఒకదానికొకటి మెలిక వేయాలి. ఆ కలయిక ఒకే గీతమీద పడితే అక్కడ బట్ట బలహీనమవుతుంది. కలిసే చోటును ముందుకూ వెనక్కూ జరిపితే బలం వస్తుంది, దానితోపాటు త్రికోణమూ వస్తుంది. ఇది అందానికి ముందు అవసరం.

గుడి శిఖరమూ అంతే. సున్నమూ, ఇనుమూ లేకుండా రాతిమీద రాయి పేర్చి ఎత్తుకు పోవాలంటే ప్రతి వరసనూ కాస్త లోపలికి జరపాలి. మెట్లు మెట్లుగా సన్నబడే దక్కను శిఖరం ఆ బరువు లెక్కలోనుంచి పుట్టింది. రెండు పనులు, రెండు పదార్థాలు, రెండు నిర్బంధాలు, ఒకే రూపం. ఎవరు ఎవరిని అనుకరించారన్న ప్రశ్నకు ఇక్కడ చోటే లేదు. నేతగాడు తన త్రికోణాన్ని చూసి “గుడి” అన్నాడు, “కోట” అన్నాడు. అంతవరకే. ఒక అనుమానం మాత్రం నాకున్నది. ముతక బట్ట నేసి పల్లెలకు పల్లెలను కప్పిన మాలలకు గుడి తలుపులు తరతరాలుగా మూసే వున్నాయి. చీర అంచులో లోపలి మండపాల చెక్కడం కాక, ఊరి బయటినుంచి కనిపించే శిఖరపు అంచు మాత్రమే పేరుగా నిలవడం వట్టి యాదృచ్ఛికం కాకపోవచ్చు.

కాకతీయుల కాలానికి వచ్చేసరికి ఈ రాకపోకలు బాగా చిక్కబడ్డాయి. పాలంపేటలోని రామప్ప గుడిని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు. శాసనం చెప్పేది సేనాని పేరు. జనం మాత్రం గుడిని శిల్పి పేరనే పిలుస్తూ వచ్చారని ప్రతీతి. ప్రజల జ్ఞాపకం శాసనకర్తకంటె న్యాయంగా వున్న సందర్భాల్లో ఇదొకటి. ఆ నల్లరాతి స్తంభాలమీద అంగుళం వెడల్పు పట్టీలో హంసలూ, లతలూ, ముత్యాల సరాలూ ఇమిడ్చారు. హనుమకొండ వేయిస్తంభాల గుడి (1163) ద్వారం పక్కన రాతిని తొలిచిన జాలీలు గాలి ఆడే తెరల్లా వుంటాయి. ఇది బరువులు పేర్చేవాడి ఊహ కాదు. నగ చేసేవాడిదీ, తెర నేసేవాడిదీ. ఆ తెర నేసినవాడు అప్పుడు బతికే వున్నాడు. 13వ శతాబ్ది చివర మార్కోపోలో మోటుపల్లి రాజ్యంలో తయారయ్యే నాణ్యమైన వస్త్రాన్ని సాలెగూటితో పోల్చాడు. ఆ బట్టలో ఒక్క జానెడు ముక్క మనకు మిగలలేదు, రాతి జాలీ మిగిలింది. మిగిలినదానిని మూలమనడం చరిత్రలో తరచు జరిగే పొరపాటు. రాయి మన్నుతుంది, నూలు చివికిపోతుంది, అంతే తేడా.

రామప్పలో ఒక మదనిక కాలికి ఎత్తుమడమల పాదరక్ష వున్నదనీ, నేటి హైహీల్స్‌కు అదే మూలమనీ పత్రికలు ఏడాదికొకసారి రాస్తుంటాయి. మనవాళ్ళు ఎనిమిది వందల ఏళ్ళ క్రితమే ఫ్యాషన్ కనిపెట్టారన్న ఈ గర్వంలో ఆ చెప్పు కుట్టిన చేయి ఎవరిదన్న ప్రశ్న ఒక్కసారైనా వచ్చిందా?

ఇప్పుడు కరీంనగర్ వెండి తీగపని చూద్దాం. ఫిలిగ్రీ అని అందరూ పిలిచేది ఇదే. మొదట ఇది ఎలగందులది. 1905లో జిల్లా కేంద్రం కరీంనగర్‌కు మారడంతో పనివాళ్ళూ కదిలారు. కొనేవాడు ఎక్కడ వుంటే చేసేవాడు అక్కడికి పోకతప్పదు గదా! నిజాం రాజ్యపు అమీర్లూ జాగీర్దార్లూ కొన్న పాన్‌దాన్లు, అత్తర్‌దాన్లు, గులాబ్‌పాష్‌లే అప్పటి సరుకు. వెండిని కరిగించి, కడ్డీ పోసి, కమ్మచ్చు రంధ్రాలగుండా ఒకదానికన్న సన్నదానిలోనుంచి మరొకదానిలోకి లాగి వెంట్రుకంత తీగ తీస్తారు. రెండు తీగలు పేని, సాగగొట్టి చదును చేస్తే అంచున రవ్వల గరుకు వస్తుంది. మందపు తీగతో చట్రం కట్టి, దానిలో ఈ సన్నతీగను చుట్టలుగా, ఆకులుగా, పూరేకులుగా వంచి కూరుస్తారు. పైన వెలిగారమూ, టంకపు పొడీ చల్లి మంట ఊదుతారు. ఊదడంలో ఒక్క క్షణం ఎక్కువైతే రోజుల పని ముద్దగా కరిగిపోతుంది.

రాతి జాలీకీ దీనికీ పోలిక చూసి, కోట కిటికీలనే వెండిలో దించారని చెప్పేవారున్నారు. చేసే పద్ధతి చూస్తే ఈ మాట నిలవదు. రాతి జాలీలో వున్నదానిని తీసివేస్తూ పోవాలి, తీగపనిలో లేనిదానిని కూరుస్తూ పోవాలి. ఒకటి తవ్వడం, మరొకటి దాదాపు నేయడమే. తీగపనికి చుట్టం రాయి కాదు, మగ్గం. ఆదిలాబాద్ ఓజాల పోతపనిలోనూ ఇదే కనిపిస్తుంది. మట్టి ముద్దమీద మైనపు తీగను వరసగా చుట్టి, పైన మట్టి పూసి కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలోకి ఇత్తడి పోస్తారు. గోండుల, కొలాముల దేవతలకోసం పుట్టిన ఈ పని నేడు పట్టణపు అమ్మాయిల మెడలో లాకెట్టుగా వేలాడుతున్నది. ఆ గీతల్లో గుడిగోపురం ఎంత వెదికినా దొరకదు, ఐనా అమ్మకందారు “ప్రాచీన ఆలయ కళ” అనే అంటాడు. అడవి బిడ్డల పేరుకంటె గుడి పేరుకు వెల ఎక్కువ పలుకుతుంది కాబట్టి.

నిర్మల్ బొమ్మల సంగతి ఇంకా తమాషాగా వుంటుంది. నిర్మల్ చిత్రకారులు గత శతాబ్దంలో అజంతా గుహల బొమ్మలను నల్లని నేలమీద బంగారురంగుతో గీసి పేరు తెచ్చుకున్నారు. ఆ బొమ్మలు చీరలమీదికీ ఎక్కాయి. “గుహాలయ కళ బట్టమీదికి వచ్చింది” అన్నారు. ఐతే 5వ శతాబ్దిలో ఆ గుహల గోడలమీద గీసిన స్త్రీపురుషుల ఒంటిమీద వున్నదేమిటి? చారల బట్టలు, చుక్కల బట్టలు, నేటి ఇక్కత్తును తలపించే చెక్కడపు బట్టలు. నేతగాని బట్టను చూసి చిత్రకారుడు గోడమీద గీశాడు, గోడను చూసి నిర్మల్ వాడు గీశాడు, దానిని చూసి మళ్ళీ బట్టమీద అచ్చువేశారు. ఇంటి సొమ్ము ఇంటికే చేరింది, దారిలో నేతగాని పేరు మాత్రం జారిపోయింది.

ఈ జారిపోవడం మన వూళ్ళకే పరిమితం కాదు. ఫ్రెంచి విప్లవం తర్వాత 1790లలో పారిస్ ధనికస్త్రీలు గ్రీకు విగ్రహాల్లా కనిపించాలని పలుచని తెల్లని గౌన్లు తొడిగారు. ఆలయస్తంభంలా నిలువుగా జారే ఆ గౌన్లకు మేలురకం మస్లిను మన దేశంనుంచి పోయింది. ఏథెన్సు పేరు మోగింది, బెంగాలు సాలెవాని పేరు ఎవరికీ పట్టలేదు. కొద్ది దశాబ్దాల్లోనే ఇంగ్లండు మిల్లుబట్ట వచ్చి ఆ మగ్గాలనే మూయించింది.

2025 మే నెలలో ప్రపంచ సుందరి పోటీదారులను లంగా ఓణీలు కట్టించి రామప్ప గుడికి తీసుకువచ్చారు. రాతి మదనికల పక్కన నిలబెట్టి ఫోటోలు తీశారు. అదే రోజు గుడి దగ్గర స్థానిక స్త్రీలు వారి కాళ్ళకు నీళ్ళు పోసి పాదాలు తుడిచిన దృశ్యం దేశమంతా చూసింది. అతిథిమర్యాద అని కొందరు సమర్థించారు. ఆత్మగౌరవాన్ని మంటగలిపారని మరికొందరు నిరసించారు. వస్త్రపు ప్రదర్శనకు పాత రాయిని వేదిక చేసినప్పుడు, ఆ రాయి చుట్టూ వున్న పాత భూస్వామ్య మర్యాదలు కూడా లేచి నిలబడతాయని ఆ ఫోటో చెప్పినంత స్పష్టంగా ఏ వ్యాసమూ చెప్పలేదు.

కరీంనగర్ తీగపనికి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో ఢిల్లీ జి-20 సమావేశానికి వచ్చిన విదేశీ ప్రతినిధుల కోట్లకు పెట్టే అశోకచక్రపు బ్యాడ్జీలను కరీంనగర్ పనివాళ్ళే చేశారు. సారనాథ్ రాతిచక్రం వెండితీగలో కోటుమీదికి ఎక్కిందన్నమాట. గౌరవమే, కాదనము. ఐతే గుర్తింపు ఊరికి వచ్చింది, కుంపటి ముందు కూర్చున్నవానికి వెండి ఎవరిస్తారు? 2025లో కిలో వెండి లక్ష రూపాయలు దాటి ఇంకా పైకి పోయింది. సొంత పెట్టుబడి లేని అవుసలి షావుకారి వెండి తెచ్చుకుని కూలికి చేయవలసిందే. ధర పెరిగిన ప్రతిసారీ వస్తువు వెలలో అతని వంతు ఇంకొంచెం కుంచించుకుపోతుంది.

సిరిసిల్లలో ఈ లెక్క మరీ మొరటుగా కనిపిస్తుంది. సోలాపూరుకూ, భివండికీ వలసపోయిన పద్మశాలీల్లో కొందరు అక్కడ పని నేర్చి తిరిగివచ్చారు. ఊరు నిండా సాంచెలు వచ్చాయి. వాటిమీద నడిచేది ఎక్కువగా పాలిస్టరు. కూలి మీటరు లెక్కన. అంచులో గుడి వున్నా, గీత వున్నా కార్మికునికి తేడా లేదు, ఆ బొమ్మ డాబీలో వుంటుంది, తెగిన పోగు మాత్రం అతని చేతిలో వుంటుంది. షావుకారి నూలు తెచ్చి నడిపే ఆసామిది మధ్య బతుకు, సగం యజమాని, సగం కూలి. 1990ల చివరనుంచి ఈ ఊరు నేతకార్మికుల ఆత్మహత్యలతో వార్తల్లో నిలిచింది. 2017లో ప్రభుత్వం బతుకమ్మ చీరల ఆర్డరు మొదలుపెట్టింది. మొదటి ఏడు కొంత సరుకు సూరతునుంచి తెప్పించడం, ఆ చీరల నాణ్యతపై ఆడవాళ్ళు రోడ్డుమీదికి రావడం జరిగింది. తర్వాతి ఏళ్ళలో ఆర్డరు సిరిసిల్లకు నెలల తరబడి పని ఇచ్చింది. 2024లో ఆ చీరలు ఆగాయి, సాంచెలు ఆగాయి, మళ్ళీ ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. 2025లో మహిళాసంఘాల సభ్యులకోసం ఇందిరమ్మ చీరల పేరుతో ఆర్డరు తిరిగి వచ్చింది. ఆర్డరు పేరు మారింది. మీటరు లెక్క మారలేదు.