గుర్రాన్ని నిమిరిన చేయి: మందుర నుండి అమెరికా అశ్వశాలల వరకు

కురుక్షేత్ర సంగ్రామంలో పధ్నాలుగవ రోజు. సూర్యాస్తమయంలోగా సైంధవుణ్ణి వధిస్తానని అర్జునుడు ప్రతిజ్ఞ పూనిన దినం. శత్రుసేనను చీల్చుకుంటూ రథం చాలా దూరం వచ్చింది. తెల్లని గుర్రాలు బాణాలు తగిలి, దప్పికతో అలసి, అడుగు వేయలేని స్థితికి వచ్చాయి. అప్పుడు అర్జునుడు రథం దిగి, నేలపై నిలిచి, ఒంటరిగా కౌరవసేనను నిలువరించాడు. బాణంతో భూమిని చీల్చి సరస్సును పుట్టించాడు. బాణాలతోనే ఒక ఇల్లు కట్టాడు. ఈ ఘట్టం చదివేటప్పుడు మనం సాధారణంగా ఆ అస్త్రబలానికే ఆశ్చర్యపడతాం. ఆ బాణగృహం లోపల జరిగిన పని మన దృష్టికి అంతగా ఆనదు.

లోపల శ్రీకృష్ణుడు గుర్రాలను కాడి నుండి విప్పాడు. వాటి ఒంట గుచ్చుకున్న బాణాలను తన చేతులతో పెరికాడు. ఆ చేతులతోనే వాటి శరీరాలను రుద్దాడు. నేలపై పొర్లనిచ్చి, నీరు త్రాగించి, స్నానం చేయించి, మేత పెట్టి, వాటి వణుకూ అలసటా తీరిన తరువాతనే మళ్లీ రథానికి పూన్చాడు. వ్యాసభారతం ద్రోణపర్వంలోని ఘట్టమిది. ఆ పర్వాన్ని తెలుగులోకి తెచ్చినవాడు తిక్కన సోమయాజి. పార్థసారథి అన్న పేరులో సారథ్యం ఎంత ఉన్నదో, గుర్రాల సేవ కూడా అంతే ఉన్నదని ఈ ఘట్టం చెబుతుంది.

గుర్రాలకూ కుక్కలకూ మర్దన చేయడం ఈనాడు అమెరికాలో ఒక వృత్తి. దానికి పాఠశాలలు, పరీక్షలు, చట్టాలు, వివాదాలు ఉన్నాయి. కొత్తగా కనబడే ఈ వృత్తికి మన సాహిత్యంలోనూ, మన నేలపైనా, ఈ దేశపు చరిత్రలోనూ లోతైన వేళ్లున్నాయి. వాటిని మన పిల్లలకు పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

శాలిహోత్రుని వారసత్వం

ఏనుగుల వైద్యానికి పాలకాప్య మహర్షి ఎలాగో, గుర్రాల వైద్యానికి శాలిహోత్రుడు అలాగ ఆద్యుడని మన సంప్రదాయం. ఆయన పేరు మీదనే అశ్వశాస్త్రానికి శాలిహోత్రం అన్న పేరు వచ్చింది. ఉత్తరాదిన పశువైద్యుణ్ణి చాలాకాలం సాలోత్రి అని పిలిచారు. ఒక ఋషి పేరు ఒక వృత్తికి పేరై నిలవడం అరుదైన గౌరవం. పాండవులలో నకులుడు అశ్వవిద్యలో దిట్ట. అజ్ఞాతవాసంలో గ్రంథికుడనే పేరుతో విరాటరాజు గుర్రాలను సాకినవాడు అతడే.

కౌటిల్యుని అర్థశాస్త్రంలో అశ్వాధ్యక్షుని విధులకు ఒక అధ్యాయం ఉన్నది. ఉత్తమాశ్వపు దినసరి మేతలో ధాన్యంతోపాటు ఒక ప్రస్థం నూనె లేదా నెయ్యి, ఐదు పలాల ఉప్పు ఉండాలన్నాడు. రోజుకు రెండుసార్లు స్నానం చేయించి, గంధం పూసి, మాల వేయాలన్నాడు. గుర్రం చిక్కినా, అతిగా బలిసినా సరిదిద్దడం, ఋతువును బట్టి ఆహారం నిర్ణయించడం వైద్యుల పని. పగ్గం పట్టేవాడు, కట్టేవాడు, గడ్డి వేసేవాడు, మేత వండేవాడు, శాలను కాచేవాడు, వెంట్రుకలు కత్తిరించేవాడు, విషవైద్యుడు, వీరందరూ తమ తమ పనులతో గుర్రాలను ఆరాధించాలని ఆయన వ్రాశాడు. దేవతల విషయంలో మనం వాడే క్రియనే ఆయన ఇక్కడ వాడాడు. ఆ వెంటనే, పనిలో లోపం చేస్తే ఆ రోజు కూలి కోయాలనీ అన్నాడు. వైద్యం అశ్రద్ధ చేసినందువల్ల రోగం ముదిరితే ఖర్చుకు రెట్టింపు జరిమానా. గుర్రం చనిపోతే దాని వెల చెల్లించాలి. అంటే ఆరాధన అన్నది కేవలం భావన కాదు. లెక్క చెప్పవలసిన బాధ్యత.

తెలుగు నేలపై గుర్రం

మన వాతావరణం గుర్రానికి అనుకూలమైనది కాదు. మేలుజాతి గుర్రాలు అరేబియా, పారశీక తీరాల నుండి ఓడలలో రావలసిందే. పదమూడవ శతాబ్దం చివర దక్షిణ దేశానికి వచ్చిన మార్కో పోలో, పాండ్యరాజ్యంలో ఏటా వేల గుర్రాలు కొంటారనీ, వాటిని సాకే నేర్పు లేక ఎక్కువ భాగం చనిపోతాయనీ వ్రాశాడు. ఈ విదేశీయుని మాటలో అతిశయోక్తి ఉండవచ్చు. కాని గుర్రాన్ని కొనడానికి ధనం చాలు, బ్రతికించడానికి విద్య కావాలి అన్న సత్యం అందులో ఉన్నది.

ఆ విద్య తెలిసినవారికి మన భాషలో ప్రత్యేకమైన పేర్లున్నాయి. గుర్రపు దండును, శాలను చూచే అధికారి సాహిణి. కాకతీయుల కాలంలో అది గౌరవనీయమైన పదవి. నృత్తరత్నావళిని రచించిన జాయప సేనాని గణపతిదేవుని ఏనుగుల దండుకు అధిపతి, గజసాహిణి. గుర్రమెక్కి పోరాడేవాడు రౌతు. గుర్రాలశాలకు మందుర అని పేరు. గుర్రం ఒంటిని రుద్ది దుమ్ము దులిపే పళ్ల సాధనం గొరపం. తరువాతి కాలంలో ఫారసీ నుండి మాలీసు అన్న మాట వచ్చి చేరింది. గుర్రాన్ని మాలీసు చేయడమంటే ఒళ్లంతా రుద్ది, కండరాలను సడలించి, రక్తప్రసరణను మేల్కొల్పడం. మనుమంచి భట్టు గుర్రాల లక్షణాలను తెలుగు పద్యాలలో హయలక్షణ విలాసంగా కూర్చాడు. సంస్కృతం రాని రౌతులకూ సాహిణులకూ కూడా ఈ శాస్త్రం అందడానికి అటువంటి గ్రంథమే దారి.

విజయనగర కాలంలో గుర్రం రాజ్యానికి ప్రాణం. రాయలవారు ఏటా 13,000 హోర్ముజు గుర్రాలు కొనేవారని పోర్చుగీసు వర్తకుడు ఫెర్నావ్ నూనిజ్ వ్రాశాడు. ఓడరేవులను బాగుచేసి గుర్రాలను, ఏనుగులను, రత్నాలను రప్పించుకోవాలని కృష్ణదేవరాయలే ఆముక్తమాల్యద రాజనీతి భాగంలో ఉపదేశించాడు. 1520 ప్రాంతంలో హంపీని చూచిన డొమింగో పేస్ రాయల దినచర్యను వర్ణించాడు. తెల్లవారకముందే రాయలు నువ్వులనూనె త్రాగి, ఒళ్లంతా అదే నూనె పట్టించుకొని, బరువులెత్తి, కత్తి తిప్పి, ఆ నూనె చెమటై కారిపోయేదాకా శ్రమించి, మల్లునితో కుస్తీ పట్టి, ఆపైన గుర్రమెక్కి ఉదయం దాకా స్వారీ చేసేవాడట. మనకు తెలిసిన అభ్యంగనస్నానం పండుగనాటి ముచ్చట మాత్రమే కాదని, శ్రమించే శరీరానికి నిత్యావసరమని ఆ వర్ణన గుర్తుచేస్తుంది.

పడమటి దేశాలలోనూ ఇదే దృష్టి ఉన్నది. క్రీస్తుపూర్వం నాలుగవ శతాబ్దంలో గ్రీకు సేనాని జెనొఫోన్ అశ్వవిద్యపై వ్రాసిన గ్రంథంలో, గుర్రం వెన్నుమీద ఏ సాధనమూ వాడకుండా, వెంట్రుకలు వాలిన దిశలో చేతులతోనే నిమరాలని చెప్పాడు. చేయి మాత్రమే గ్రహించగల సంగతి వెన్నులో ఉన్నదని ఆయనకు తెలుసు.

అమెరికాలో రుద్దే చేతులు

అమెరికా పందెపు మైదానాలలో గుర్రాన్ని సాకే పనివాణ్ణి పలకరించేటప్పుడు, నీవు ఎన్ని గుర్రాలను రుద్దుతున్నావు అని అడిగే వాడుక ఉన్నది. మన మాలీసు లాగానే ఇక్కడా రుద్దడమన్న ఒక్క మాట సాకుడు మొత్తానికి పేరైంది. ఆ రుద్దే చేతులలో ఎక్కువ భాగం చాలాకాలం నల్లజాతి వారివి. బానిసత్వం రోజుల నుండి దక్షిణాది అశ్వశాలలు వారి నేర్పు మీదనే నిలిచాయి. 1875లో జరిగిన మొదటి కెంటకీ డెర్బీలో 15 మంది రౌతులలో 13 మంది నల్లజాతివారు. గెలిచిన ఆరిస్టైడిస్‌ను నడిపినవాడు ఆలివర్ లూయిస్, తీర్చిదిద్దినవాడు బానిసగా పుట్టిన ఆన్సెల్ విలియమ్సన్. తరువాతి దశాబ్దాలలో వర్ణవివక్ష వారిని జీనుమీద నుండి దింపివేసింది. చాలామందికి అశ్వశాలలో పని మాత్రమే మిగిలింది.

ఆ చీకటిలోనుండి రెండు పేర్లు మనకు వినబడతాయి. మాన్ ఓ వార్ అనే ప్రఖ్యాత అశ్వాన్ని దాని వార్ధక్యంలో ఏళ్ల తరబడి కనిపెట్టుకున్నవాడు విల్ హార్బట్. 1947 అక్టోబరులో ఆయన మరణించాడు. నెల తిరగకుండానే నవంబరు 1న ఆ గుర్రమూ కన్నుమూసింది. 1973లో మూడు మహాపందేలనూ గెలిచిన సెక్రటేరియట్‌ను దినదినమూ కడిగి, రుద్ది, కాళ్లకు కట్లు కట్టినవాడు ఎడీ స్వెట్. కెంటకీ హార్స్ పార్క్‌లోని కాంస్యశిల్పంలో రౌతుతోపాటు, పగ్గం పట్టి నడిచే స్వెట్ కూడా ఉన్నాడు. మన శాసనాలలో దండనాథుల పేర్లు కనబడతాయి. గొరపం పట్టినవారి పేర్లు కనబడవు. అందువల్ల ఆ విగ్రహంలో ఒక సేవకునికి దక్కిన స్థానాన్ని మనం ప్రత్యేకంగా గమనించాలి.

ఈ చేతిపని ఇరవయ్యవ శతాబ్దం చివరి పాదంలో పేరుగల వృత్తిగా రూపొందింది. మసాచుసెట్స్‌కు చెందిన జాక్ మీగర్ క్రీడాకారులకు చేసే మర్దనను గుర్రాలకు అన్వయించి, 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ నాటి అమెరికా అశ్వికజట్టుకు సేవలందించాడు. లిండా టెల్లింగ్టన్ జోన్స్ 1975 నుండి శాన్ ఫ్రాన్సిస్కోలో మోషే ఫెల్డెన్‌క్రైస్ వద్ద మానవశరీర చలనాన్ని అభ్యసించి, ఆ సూత్రాలను జంతువులకు మళ్లించింది. వ్రేళ్లతో చర్మాన్ని తేలికగా కదుపుతూ ఒకటింపావు చుట్టు తిప్పడం ఆమె పద్ధతికి గుర్తు. 1989లో వర్జీనియాలో ఈక్విసాజ్ అనే శిక్షణాలయం మొదలైంది. గుర్రాలతో మొదలైన ఈ విద్య క్రమంగా కుక్కలకు విస్తరించింది.

చేయి ఏమి చేయగలదు?

గుర్రానికిగాని కుక్కకుగాని ముందరి కాళ్లను మొండెంతో కలిపే కీలు లేదు. మనకు మెడ క్రింద అడ్డంగా తగిలే జత్రుకాస్థి గుర్రానికి అసలే లేదు. కుక్కకు నామమాత్రం. రెండు భుజాల నడుమ మొండెం కండరాల ఊయలలో వ్రేలాడుతూ ఉంటుంది. పైగా నిలుచున్నప్పుడు శరీరభారంలో దాదాపు 60 శాతం ముందరి కాళ్లమీదనే పడుతుంది. కనుక మెడ, మూపు, రొమ్ము కండరాలు బిగుసుకుంటే నడకే మారిపోతుంది. మర్దన చేసేవారు ముందుగా ఆ చోట్లనే తడిమి చూడడానికి కారణమిది.

గుర్రాలు ఒకదాని మూపును మరొకటి పళ్లతో గోకుకోవడం మనం చూస్తాం. 1993లో ప్రచురితమైన ఒక ఫ్రెంచి పరిశోధనలో, ఆ చోట గోకినప్పుడు పెద్ద గుర్రాల గుండె వేగం సుమారు 11 శాతం, పిల్లలలో సుమారు 14 శాతం తగ్గినట్లు తేలింది. 2008లో వెలువడిన మరొక అధ్యయనంలో 38 గుర్రాల వెన్ను ఎంత ఒత్తిడిని నొప్పి లేకుండా ఓర్చుకోగలదో కొలిచారు. వారం తరువాత ఆ ఓర్పు వెన్నుపూస సర్దుబాటుతో 27 శాతం, మర్దనతో 12 శాతం, నొప్పి తగ్గించే మందుతో 8 శాతం పెరిగింది. అయితే అవన్నీ బాధ లేని ఆరోగ్యవంతమైన గుర్రాలు. మర్దన హాయినిస్తుందని ఈ అంకెలు సూచిస్తాయి. రోగాన్ని నయం చేస్తుందని అవి చెప్పవు.

ఈ భేదం దగ్గరే చట్టాలు పుట్టాయి. జంతువుకు చేసే చికిత్స పశువైద్యుని అధికారమని రాష్ట్రాల చట్టాలు చెబుతాయి. మరి మర్దన చికిత్సా, సేవా? 2008లో మేరీలాండ్‌లో, 2014లో అరిజోనాలో ఈ ప్రశ్న న్యాయస్థానాలకెక్కింది. అరిజోనాలో 2017 నాటి ఒప్పందం పశువైద్యపట్టా లేనివారు మర్దన చేయడానికి దారి ఇచ్చింది. వాషింగ్టన్ రాష్ట్రం 300 గంటల శిక్షణ పొందినవారికి ధ్రువపత్రం ఇచ్చే మార్గాన్ని ఎన్నుకొన్నది. పశువైద్యులూ ఈ రంగాన్ని విస్మరించలేదు. జంతువుల క్రీడావైద్యం, పునరావాసం 2010లో ప్రత్యేక నిపుణశాఖగా గుర్తింపు పొందాయి. ఇరుపక్షాల వాదనలోనూ సత్యమున్నది. తెలియని చేయి హాని చేయగలదు. తెలిసిన చేతికి అర్హతపత్రం లేదని అడ్డుపడితే, ఎడీ స్వెట్ వంటి వారి విద్యకు చోటుండదు.

మన ఇంటి ముంగిట

మన కుటుంబాలలో గుర్రాలు ఉన్నవారు తక్కువ. ఊరేగింపులో వరుణ్ణి మోసే గుర్రాన్ని, బ్రహ్మోత్సవాలలో ఎనిమిదవ రాత్రి స్వామివారి అశ్వవాహనాన్ని మాత్రమే పిల్లలు చూస్తారు. కుక్కలను పెంచేవారు మాత్రం ఈ దేశంలో మనవారిలోనూ ఎందరో ఉన్నారు. నన్నయ ఆదిపర్వంలో తొలికథలలో ఒకటి సరమ కథ. ఏ తప్పూ చేయని తన బిడ్డను జనమేజయుని తమ్ములు కొట్టారని ఆ దేవశుని సభకు వచ్చి నిలదీస్తుంది. నోరులేని ప్రాణికి చేసిన అపకారానికి రాజు కూడా జవాబు చెప్పాలని ఆ కథ తాత్పర్యం. మహాప్రస్థానంలో కుక్కను విడిచి స్వర్గానికి రానన్న ధర్మరాజు కథ దానికి జతగా నిలుస్తుంది.

ఇంటిలో ముసలి కుక్క మెట్లెక్కలేక నిలబడినప్పుడు, దాని మెడను, భుజాలను అరచేతితో మెల్లగా నిమరడానికి ఏ పట్టా అవసరం లేదు. వాపు, జ్వరం, కొత్త గాయం, తెలియని గడ్డ కనబడితే ఒత్తకుండా పశువైద్యునికి చూపాలి. పిల్లలు ఆ పని చేస్తూ ఉంటే, నిమరడం, ఒత్తడం, రుద్దడం, తోమడం అన్న నాలుగు తెలుగు మాటల తేడాను వారి చేతులకే నేర్పవచ్చు. తలకు రాసుకొనే షాంపూ అన్న మాట కూడా ఒత్తమని అర్థమిచ్చే హిందుస్థానీ చాంపో నుండి ఇంగ్లీషులోకి వెళ్లినదేనని చెబితే, వారు తప్పక నవ్వుకుంటారు. ఆ నవ్వు తరువాత బాణగృహంలో శ్రీకృష్ణుడు ఏ పనిలో ఉన్నాడో చెప్పడానికి మంచి సమయం దొరుకుతుంది.