మేబెల్ మడ్జ్ పబ్బులో ఒక సాయంత్రం

ఎక్సెటర్ దాటి పడమటికి వచ్చేకొద్దీ దారి సన్నబడుతుంది. రెండు పక్కలా మనిషెత్తు గట్లు, వాటి మీద పొదల కంచె. ఎదురుగా ట్రాక్టరొస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాల్సిందే. ఆ దారి ఎక్కీ ఎక్కీ ఒక చిన్న కూడలిలో తేలుతుంది. డార్ట్‌మూర్ కొండనేల అంచున ఉన్న ఈ డెవన్ పల్లె పేరు డ్రూస్టెయింటన్. ఎదురుగా గ్రానైట్ చర్చి, దాని పక్కనే గడ్డి కప్పిన పబ్బు. బోర్డు మీద ‘డ్రూ ఆర్మ్స్’ అని ఉంది.

ఇది 1987 చలికాలం అనుకోండి. తలుపు వేసే ఉంది. కంగారు పడకండి, సాయంత్రం తెరిచే వేళ కాలేదంతే. మొదటి ప్రపంచ యుద్ధంలో కార్మికులు తాగి పనికి ఎగనామం పెడతారని మధ్యాహ్నాలు పబ్బులు మూయించారు. యుద్ధం పోయింది, ఆ రూలు మాత్రం పోలేదు. వచ్చే ఏడు కొత్త చట్టం వస్తే తప్ప మధ్యాహ్నమంతా తెరిచి ఉంచే వీల్లేదు. గడియ తీసిన చప్పుడైంది. పదండి.

లోపల నడవా. ఎడమ చేతి గదిలోకి తిరగండి. గోడల వెంట చెక్క బల్లలు, మధ్యలో మేజాలు. మీ కళ్ళు కౌంటర్ కోసం వెతుకుతున్నాయి కదా? లేదు. మెరిసే సీసాల వరసలూ అద్దాలూ ఏవీ లేవు. బీరు కావాలంటే వెనక గది దగ్గరికే వెళ్ళాలి. అక్కడ పీపాలు పక్కకి పడుకోబెట్టి, కదలకుండా ఆనిక పెట్టి ఉన్నాయి. పంపు లేదు, గొట్టం లేదు. పీపా మొహానికి కొట్టిన కుళాయి తిప్పితే బీరు తన బరువుకి తనే దిగుతుంది. గ్లాసు కొంచెం వంచి పడితే అంచు వెంట జారి, నురగ పల్చగా పైకి తేలుతుంది. పీపాలో అడుగున మడ్డి ఉంటుంది కాబట్టి కుదపకూడదు, తొందర పడకూడదు. ఒక పైంటు అంటే 568 మిల్లీలీటర్లు. మనూరి కల్లు దుకాణంలో లొట్టి ముందు నిలబడ్డవాళ్ళకి ఈ ఓపిక కొత్తేం కాదు.

వంటింటి వైపు చూడండి. ఆమే మేబెల్ మడ్జ్. తొంభై రెండేళ్ళ మనిషి. ఊరంతా ఆంటీ మేబెల్ అంటారు. 1919లో భర్త ఎర్నెస్ట్‌తో కలిసి ఈ పబ్బు చేతికి తీసుకుంది. ఆయన పోయాక కూడా తలుపు మూయలేదు. పబ్బులో అడుగుపెట్టేనాటికి పాతికేళ్ళ లోపు పిల్ల. ఆ ఏడు జలియన్‌వాలా బాగ్ జరిగింది. లెక్క వేసుకుంటే మనకే కాస్త తల తిరుగుతుంది.

ఆమె వచ్చేనాటికి పబ్బు పేరు వేరు: డ్రూయిడ్ ఆర్మ్స్. ఊరి పడమట పొలాల్లో మూడు నిలువు రాళ్ళ మీద ఒక పెద్ద బండ పరిచి ఉంటుంది, ఆదిమానవుల సమాధి. ముగ్గురు పెళ్ళికాని ఆడవాళ్ళు పొద్దున ఫలహారానికి ముందే దాన్ని ఎత్తి నిలబెట్టారని కథ చెబుతారు. అలాంటి రాళ్ళన్నీ డ్రూయిడ్‌లనే పాతకాలపు పూజారుల పనేనని ఒకప్పుడు చదువుకున్నవాళ్ళు కూడా నమ్మేవారు. తరవాత జూలియస్ డ్రూ దిగాడు. టీ వ్యాపారంలో మొదలై, హోమ్ అండ్ కలోనియల్ స్టోర్స్ పేరుతో బ్రిటనంతా దుకాణాలు తెరిచి, ముప్పై మూడో ఏటికే రిటైరైన కోటీశ్వరుడు. మన దేశపు టీ ఆకు ఇంగ్లండు వంటిళ్ళలో మరగబట్టే ఆ డబ్బు పుట్టింది. ఊరి పేరులో తన ఇంటిపేరు వినిపించేసరికి ఇదే తన పూర్వీకుల గడ్డ అనుకున్నాడు. 1911లో ఇక్కడే గ్రానైట్ కోటకి పునాది రాయి వేశాడు. ఆ పట్టుదలతోనే 1920లలో పబ్బు బోర్డు మీద డ్రూయిడ్ కాస్తా డ్రూ అయింది. డబ్బుంటే వంశవృక్షం కూడా కొనుక్కోవచ్చని నాకైతే నవ్వొస్తుంది. కానీ కోట పూర్తి కాకముందే, 1917లో, అతని పెద్ద కొడుకు యుద్ధంలో చనిపోయాడు. అది తెలిసాక నవ్వు ఆగిపోతుంది.

ఆ క్యాజిల్ డ్రోగో కోటకి నక్షా గీసినవాడు ఎడ్విన్ లుట్యెన్స్. అదే చేత్తో ఢిల్లీలో రాష్ట్రపతి భవనం, మన నిజాం కోసం హైదరాబాద్ హౌస్ కూడా గీశాడు. అక్కడ రాజధాని లేస్తున్న ఏళ్ళలోనే ఇక్కడ మేబెల్ పీపా కుళాయి తిప్పుతూ ఉంది.

రండి, మీ గ్లాసుకి డబ్బివ్వండి. ఆమె పబ్బు నడిపిన మొదటి యాభై ఏళ్ళ పైన లెక్కంతా పన్నెండు పెన్నీలకి షిల్లింగు, ఇరవై షిల్లింగులకి పౌండు. మనకి అణాలు 1957లో పోతే, వాళ్ళకి ఈ లెక్క 1971లో పోయింది. బేరం మారలేదు గానీ చిల్లర మారింది. రేడియో వచ్చింది, టీవీ వచ్చింది, పక్క ఊళ్ళ పబ్బులు గోడలు పడగొట్టి గదులు కలిపేసి, తివాచీలు పరిచి, పాటల పెట్టెలు పెట్టాయి. ఈ గది మాత్రం అలాగే ఉండిపోయింది. ఆమెకి సిద్ధాంతాలేమైనా ఉన్నాయనుకోను. పనిచేస్తున్న దాన్ని ఎందుకు కదిలించాలన్నదే ఆమె లెక్క అయివుంటుంది.

ఆ రోజుల్లో ఇంగ్లండులో పబ్బు నడిపేవాళ్ళలో చాలామందికి ఆ ఇల్లు సొంతం కాదు; మేబెల్ కూడా అద్దెకున్నదే. బీరు కంపెనీకి అద్దె కట్టి, ఆ కంపెనీ బీరే అమ్మాల్సి వచ్చేది. ఆ పెద్ద కంపెనీల పట్టు సడలించాలని 1989లో ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది: రెండు వేలకు మించి పబ్బులున్న బీరు కంపెనీ ఆ మిగులులో సగాన్ని అమ్మేయాలి, లేదా తన బీరే అమ్మాలన్న కట్టు నుంచి వదిలేయాలి. వేల పబ్బులు చేతులు మారాయి. కానీ కొన్నవాళ్ళలో చాలామంది బీరు కాచేవాళ్ళు కారు, ఆస్తుల వ్యాపారులు. ఉత్తర్వు ఇచ్చినవాళ్ళు దీన్ని ఊహించినట్టు లేదు.

మేబెల్ 1994లో మానేసింది, తొంభై తొమ్మిదో ఏట, డెబ్భై అయిదేళ్ళ తరవాత. బ్రిటన్‌లో అంతకాలం పబ్బు నడిపిన ఆడమనిషి మరొకరు లేరని చెప్పుకున్నారు. ఆమె వెళ్ళగానే ఊరివాళ్ళకి గుబులు పట్టింది: వచ్చేవాళ్ళు గోడలు పడగొడితే? పాత పబ్బుల ప్రేమికులతో కలిసి గొడవ చేశారు. ఫలితంగా పీపాల గది, బల్లల గది, ఆమె వంటిల్లు నిలిచాయి. గోడల్ని కాపాడటం మంచిదే. కానీ ఆ గోడల్ని అన్నేళ్ళు అలా ఉంచింది చట్టం కాదు, అద్దెకున్న ఒక మనిషి.

మేబెల్ 1996లో, నూట ఒకటో ఏట చనిపోయింది. మీరు ఆ వైపు వెళితే తెరిచి ఉందో లేదో ముందే కనుక్కోండి. ఇంగ్లండులో పల్లె పబ్బులు ఏటా మూతబడుతున్నాయి.