తేజే ఆరాధన

తేజే ఆరాధన ఫ్రాన్స్‌లో బుర్గుండీ ప్రాంతపు తేజే గ్రామంలో రూపుదిద్దుకున్న క్రైస్తవ ప్రార్థనా పద్ధతి. ఇందులో ప్రసంగం ఉండదు. చిన్న పల్లవులను పదేపదే పాడడం, వాక్యపఠనం, మౌనం దీనికి ఆధారం.

స్విట్జర్లాండ్‌లో జన్మించిన బ్రదర్ రోజే (1915–2005) 1940లో ఈ గ్రామానికి వచ్చి, యూదులతో సహా యుద్ధ శరణార్థులకు ఆశ్రయమిచ్చాడు. 1949 ఈస్టర్ నాడు ఆయన నెలకొల్పిన సన్యాస సమాజంలోని ఏడుగురు సోదరులు జీవితకాల ప్రతిజ్ఞలు చేశారు. తొలి సోదరులు ప్రొటెస్టంట్లు. తరువాత కేథలిక్కులూ చేరారు. యుద్ధంలో శత్రుదేశమైన జర్మనీ నుంచి వచ్చిన యువకులే ఇక్కడి సమాధాన ఆలయాన్ని కట్టారు. అది 1962 ఆగస్టు 6న ప్రారంభమైంది. 1971 ఈస్టర్‌కు జనం పట్టక దాని ముందు గోడను కూల్చి, గుడారంతో విస్తరించారు.

పలు భాషల యువత ఒకేచోట చేరడంతో అందరూ వెంటనే పాడగల పాటలు అవసరమయ్యాయి. స్వరకర్త జాక్ బెర్తియే (1923–1994) 1970వ దశకం నుంచి లాటిన్‌లోనూ ఇతర భాషల్లోనూ వాటిని సమకూర్చాడు. ఒకటి రెండు వాక్యాల పాట నిమిషాల తరబడి సాగి ధ్యానంగా మారుతుంది. ఈ పద్ధతి ప్రపంచమంతటా వ్యాపించడానికి ముఖ్య కారణం ఈ సంగీతమే.

తేజేలో ప్రార్థన రోజుకు మూడుసార్లు జరుగుతుంది. ఎక్కువమంది నేలపైనే కూర్చుంటారు. శుక్రవారం రాత్రి నేలకు సమాంతరంగా ఉంచిన సిలువకు నుదురు ఆనించి ప్రార్థిస్తారు. శనివారం రాత్రి కొవ్వొత్తులతో పునరుత్థానాన్ని స్మరిస్తారు. తేజే సమాజం 1985 చివర్లో మద్రాసులో అంతర్జాతీయ యువజన సమావేశం నిర్వహించింది.