మన బతుకు లెక్క మనమే రాద్దాం

నల్లమల అంచునున్న ఆత్మకూరు ఒకప్పుడు శ్రీశైలం కాలిబాటకు వాకిలి. నాగలూటి, పెచ్చెరువు మీదుగా సాగే ఆ దారిలో యాత్రికులకు తోడు నడిచి, కాపు కాసింది మన చెంచు పెద్దలే. అందుకు రుసుము ముట్టేది. దానికి తోడు తేనె, జిగురు, ఇప్పపువ్వు, కుంకుళ్లు, గడ్డలు. ఇదీ గూడెం ఆదాయం.

బస్సులు వచ్చాక ఆ బాట రాబడి పోయింది. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడ్డాక అటవీ ఫలసాయానికి సర్కారు కొనుగోలుదారు దొరికాడు. 1983లో నల్లమల ప్రాజెక్ట్ టైగర్ కిందికి రావడంతో అడవిలో తిరగడానికి ఆంక్షలు పెరిగాయి.

ప్రణాళికలు వేసేవారు ఎకరాలు, కూలి దినాలు లెక్కిస్తారు. తవ్వి తెచ్చుకుని ఇంట్లో వండుకున్న గడ్డకు, చిన్నపిల్లలకు పెట్టిన తేనెకు రసీదు ఉండదు. రసీదు లేనిది లెక్కలోకి రాదు. అందుకే కాగితం మీద మనం ఏమీ లేనివాళ్లం. అడవిని వదిలి రమ్మనడం తేలికైపోతుంది.

2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయంపై యాజమాన్య హక్కునూ, మనలాంటి ఆదిమ తెగలకు ఆవాస హక్కునూ గుర్తించింది. హక్కు నిలబడాలంటే ఆధారం కావాలి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఏ నెలలో, ఏ కొండన, ఏమి దొరుకుతుందో అవ్వతాతలను అడిగి రాయండి. గ్రామసభలో ముందు ఆ నోటుపుస్తకం తెరుద్దాం.