పెట్టె చెప్పిన లెక్క

ఇంగ్లండ్‌లోని హాంప్‌షైర్ ప్రాంతంలో సౌత్ వార్న్‌బరో అనే చిన్న పల్లె ఉంది. అక్కడ జో హామిల్టన్ అనే ఆవిడ చిల్లర దుకాణం నడిపేవారు. దుకాణంలోనే ఒక మూల పోస్టాఫీసు కౌంటరు. 2003లో ఒకరోజు సాయంత్రం లెక్క చూసుకుంటే కంప్యూటర్ రెండు వేల పౌండ్లు తక్కువ చూపించింది. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశారు. అవతలివాళ్ళు చెప్పిన మీటలు చెప్పిన వరుసలోనే నొక్కారు. ఆమె చూస్తుండగానే తెర మీద రెండు వేలు నాలుగు వేలైంది.

ఆ తేడా చివరకు 36,000 పౌండ్ల దాకా పెరిగింది. ఇల్లు మళ్ళీ తాకట్టు పెట్టారు. ఊరివాళ్ళు చందాలు వేసుకున్నారు. తపాలా సంస్థ దర్యాప్తు అధికారి తన నివేదికలో దొంగతనానికి ఆధారం దొరకలేదని రాశాడు. అయినా దొంగతనం కేసు పెట్టారు. తర్వాత బేరం పెట్టారు: తప్పుడు లెక్కలు రాశానని ఒప్పుకుంటే దొంగతనం అభియోగం ఎత్తేస్తాం, డబ్బు కట్టాలి, కంప్యూటర్ మీద నింద వేయకూడదు. జైలు తప్పితే చాలనుకుని ఆమె నేరం ఒప్పుకున్నారు.

చేయని నేరాన్ని ఒప్పుకున్న మనిషికి మళ్ళీ కోర్టు తలుపు తట్టడం ఎంత కష్టం! ఇలాంటివే వందల కేసులున్న ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఆ విషయమే. తప్పుడు తీర్పుల పునఃపరిశీలన అంతా బాధితుడే వచ్చి మొరపెట్టుకుంటాడన్న ఊహ మీద నడిచింది. యంత్రం చేసిన తప్పుకు ఆ ఊహ పనికిరాదు. మనిషి అబద్ధం చెబితే అది సాధారణంగా ఒక కేసుకే పరిమితం. యంత్రం తప్పు లెక్క చెబితే అది ఉన్న ప్రతి ఊళ్ళోనూ చెప్పవచ్చు.

యంత్రం మాటను కోర్టు ఎంతవరకు నమ్మాలి అన్నది ఇంగ్లండ్‌లో పాత చర్చే. 1984లో వచ్చిన పోలీసు, నేర సాక్ష్యాల చట్టంలోని 69వ సెక్షన్ ఒక షరతు పెట్టింది. కంప్యూటర్ తీసిచ్చిన పత్రాన్ని సాక్ష్యంగా వాడాలంటే, ఆ సమయంలో కంప్యూటర్ సరిగ్గా పనిచేస్తోందని ముందు చూపించాలి. చూపించాల్సిన బాధ్యత సాక్ష్యం తెచ్చినవాళ్ళదే. ఈ షరతును కోర్టులు నెమ్మదిగా సడలిస్తూ వచ్చాయి. 1990ల మొదట్లో షెఫర్డ్ కేసు వచ్చింది. దుకాణం క్యాష్ కౌంటర్ల చీటీల్లో పట్టుబడిన సరుకు అమ్మినట్టు లేదు కాబట్టి అది దొంగిలించిందేనన్నారు. కౌంటర్లు బాగానే పనిచేస్తున్నాయని చెప్పడానికి కంప్యూటర్ నిపుణుడే రానక్కరలేదని, యంత్రం సంగతి తెలిసిన దుకాణం ఉద్యోగి చెప్పినా చాలునని అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. 1997లో తాగి బండి నడిపిన కేసు ఒకటి వచ్చింది. శ్వాస పరీక్ష యంత్రంలోని గడియారం గంటకు పైగా తప్పు చూపించింది. గడియారం తప్పినంత మాత్రాన మద్యం కొలత తప్పినట్టు కాదని తీర్పు. విడివిడిగా చూస్తే రెండు తీర్పులూ సబబుగానే కనిపిస్తాయి.

అదే 1997లో, చట్టాల్లో మార్పులు సూచించే లా కమిషన్ 69వ సెక్షన్ వల్ల ప్రయోజనం లేదని, తీసేయమని సిఫారసు చేసింది. ప్రతి ఆఫీసులోనూ కంప్యూటరే ఉన్న కాలంలో ప్రతి కాగితానికీ యంత్రం బాగుందని రుజువు తెమ్మంటే కేసులు నడవవన్నది వాళ్ళ వాదన. 1999లో చట్టం వచ్చింది, 2000 ఏప్రిల్‌లో ఆ సెక్షన్ పోయింది. దాని స్థానంలో పాత సంప్రదాయ సూత్రం మిగిలింది: విరుద్ధంగా ఆధారం చూపించేదాకా యంత్రం సరిగ్గానే పనిచేసిందని భావించాలి. వినడానికి చిన్న మార్పే. కానీ రుజువు బరువు యంత్రం ఉన్నవాడి నెత్తి మీద నుంచి లేనివాడి నెత్తి మీదకు మారింది. పల్లెలో స్టాంపులు అమ్ముకునే మనిషి, ఎక్కడో ఉన్న సర్వర్‌లో ఏం జరిగిందో ఏ ఆధారంతో చూపించగలడు?

సరిగ్గా ఆ నెలల్లోనే, తర్వాత హామిల్టన్ కౌంటర్లో రెండు వేలను నాలుగు వేలు చేసిన కంప్యూటర్ వ్యవస్థ హొరైజన్ దేశమంతా దిగుతోంది. 1996లో ఐసీఎల్ అనే కంపెనీతో మొదలైన పథకం అది. ఐసీఎల్ జపాన్‌కు చెందిన ఫుజిట్సు చేతిలో ఉండేది. పింఛన్లు, భత్యాలు కార్డు మీద ఇవ్వాలన్నది అసలు ఉద్దేశం. 1999 మే నెలలో ప్రభుత్వం ఆ కార్డును వదిలేసింది. మిగిలిన లెక్కల వ్యవస్థను మాత్రం పోస్టాఫీసుల్లో పెట్టడం మొదలుపెట్టారు.

అక్కడి సబ్‌పోస్ట్‌మాస్టర్ జీతానికి పనిచేసే సర్కారు ఉద్యోగి కాదు. దాచుకున్న సొమ్ముతోనో అప్పుతోనో దుకాణం కొనుక్కుని, ఒప్పందం మీద కౌంటరు నడిపే మనిషి. అజాగ్రత్త వల్ల వచ్చిన నష్టం భరించాలని ఒప్పందంలో ఉంది. తపాలా సంస్థ మాత్రం ఏ లోటు వచ్చినా నువ్వే కట్టాలన్నట్టు వసూలు చేసింది. లెక్క ఒప్పుకోకపోతే తర్వాతి రోజు కౌంటరు తెరవడానికి వీల్లేదు. ఒప్పుకుంటే తప్పుడు లెక్క మీద సంతకం పెట్టినట్టే. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసినవాళ్ళలో ఎంతోమందికి దొరికిన జవాబు ఒకటే: ఈ ఇబ్బంది మీ ఒక్కరికే వస్తోంది. బ్రిడ్లింగ్టన్‌లో లీ కాసిల్టన్ 91 సార్లు ఫోన్ చేశారు. సివిల్ కోర్టులో ఓడిపోయాక ఆయన మీద పడిన ఖర్చులు 3,21,000 పౌండ్లు. ఆయన దివాళా తీశారు. వేల్స్‌లోని యాంగిల్సీ దీవికి చెందిన నోయెల్ థామస్ తన అరవయ్యో పుట్టినరోజు జైల్లో గడిపారు.

సొమ్ము పోయిందన్న ఫిర్యాదీ తపాలా సంస్థే, దర్యాప్తు చేసేదీ ప్రాసిక్యూట్ చేసేదీ కూడా వాళ్ళే. ఇంగ్లండ్ చట్టంలో ప్రైవేటుగా నేరాభియోగం మోపే హక్కు ఉంది, దాన్ని వాడుకున్నారు. 1999 నుంచి 2015 దాకా 900 మందికి పైగా దోషులయ్యారు. అందులో 700 దాకా తపాలా సంస్థ స్వయంగా నడిపిన కేసులే. ఇరుగుపొరుగున ఉన్న రెండు ఊళ్ళలో అప్పటిదాకా మచ్చలేని ఇద్దరు ఒకే ఏడాది దొంగలుగా తేలితే, అనుమానం మనుషుల మీద కాదు, వాళ్ళిద్దరూ వాడే పెట్టె మీద రావాలి. ఆ ప్రశ్న వేయాల్సిన కుర్చీలో ఎవరూ లేరు. పైగా దర్యాప్తు చేసేవాళ్ళు అనుమానితులను వలస పాలన నాటి జాతి పేర్లతో గుర్తుపెట్టుకునే పత్రం ఒకటి 2023లో బయటపడింది. అందులో భారతీయులకూ పాకిస్తానీలకూ కలిపి ఒక గడి ఉంది.

యంత్రంలో లోపం ఎలా ఉండేదో ఒక ఉదాహరణ చాలు. స్కాట్లాండ్‌లోని డాల్మెలింగ్టన్‌లో 2015లో ఒక కౌంటరు నుంచి మరో చోటికి 8,000 పౌండ్లు పంపారు. తెర కదల్లేదు. మళ్ళీ మీట నొక్కారు, మళ్ళీ నొక్కారు. నొక్కిన ప్రతిసారీ యంత్రం ఇంకో 8,000 పంపినట్టు రాసుకుంది. పంపింది ఒక్కసారే, లెక్కలో నాలుగుసార్లు. లేని 24,000 పౌండ్లు ఎవరో తిన్నట్టు తేలింది.

2010 శరదృతువులో ఫుజిట్సుకూ తపాలా సంస్థకూ ఇంకో లోపం తెలుసు. జమకూ చెల్లింపుకూ పొంతన కుదరని ఆ లోపం 60కి పైగా శాఖలను తాకింది. దాన్ని ఎలా సరిచేయాలా అని కాగితం మీద చర్చించుకున్నారు. అదే అక్టోబరులో గిల్‌ఫర్డ్ క్రౌన్ కోర్టులో సీమా మిశ్రా విచారణ నడుస్తోంది. భారతీయ మూలాలున్న ఆమె సర్రేలోని వెస్ట్ బైఫ్లీట్ పోస్టాఫీసు నడిపేవారు. 74,000 పౌండ్లు దొంగిలించారన్నది అభియోగం. కంప్యూటర్ తప్పని ఆమె గట్టిగా వాదించారు. ఆ లోపం సంగతి మాత్రం ఆమె వకీళ్ళకు చెప్పలేదు. ఫుజిట్సు ఇంజనీరు వచ్చి యంత్రం తరఫున సాక్ష్యం ఇచ్చాడు. నవంబరులో ఆమెకు 15 నెలల శిక్ష పడింది. అప్పటికి ఆమె గర్భవతి. ఆ రోజు పెద్ద కొడుకు పదో పుట్టినరోజు.

ఎదురు తిరిగిన మొదటివాళ్ళలో అలన్ బేట్స్ ఒకరు. వేల్స్ ఉత్తర తీరంలో లాండుడ్నో దగ్గర ఆయన పోస్టాఫీసు. లోటు కట్టనన్నందుకు 2003లో ఒప్పందం రద్దు చేశారు. 2009 మే నెలలో కంప్యూటర్ వీక్లీ పత్రిక ఏడుగురి కథలు ఒకేచోట అచ్చువేసింది. అదే ఏడాది బేట్స్ వార్విక్‌షైర్‌లోని ఫెన్నీ కాంప్టన్ అనే పల్లెలో సమావేశం పెట్టారు. నీ ఒక్కడికే అన్న మాట అబద్ధమని వచ్చినవాళ్ళకు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే తెలిసింది. పార్లమెంటు సభ్యుల ఒత్తిడితో 2012లో తపాలా సంస్థ సెకండ్ సైట్ అనే స్వతంత్ర లెక్కల నిపుణులను పెట్టుకుంది. 2013లో వాళ్ళ మధ్యంతర నివేదిక లోపాలను చూపించింది. ఆ జూలైలోనే, ఫుజిట్సు సాక్షి తనకు తెలిసిన లోపాలు కోర్టుకు చెప్పలేదని తపాలా సంస్థ సొంత న్యాయ సలహాదారు రాసిచ్చాడు. అంటే 2013లోనే పాత కేసులన్నీ తిరగదోడాల్సింది. 2015లో సెకండ్ సైట్‌నే సాగనంపారు.

అన్యాయపు తీర్పులను తిరిగి చూడటానికి ఆ దేశంలో ఒక సంస్థ ఉంది. బర్మింగ్‌హామ్ సిక్స్ వంటి కేసుల్లో నిర్దోషులు ఏళ్ళ తరబడి జైళ్ళలో మగ్గారని తేలాక పుట్టిన క్రిమినల్ కేసెస్ రివ్యూ కమిషన్ అది. 1997లో పని మొదలుపెట్టింది. 2015లో హొరైజన్ బాధితుల దరఖాస్తులు దానికి చేరాయి. ఆ కేసులు అప్పీలు కోర్టుకు వెళ్ళింది మాత్రం 2020లో. కొత్త ఆధారం ఉంటే తప్ప, తీర్పు మారే అవకాశం నిజంగా కనిపిస్తే తప్ప కమిషన్ పంపలేదు. ఆ ఆధారాన్ని చివరకు తెచ్చింది బాధితులే. 555 మంది కలిసి సివిల్ దావా వేశారు. 2019 డిసెంబరులో న్యాయమూర్తి ఫ్రేజర్ హొరైజన్‌ను నమ్మలేమని సుదీర్ఘమైన తీర్పు రాశారు. శాఖల ఖాతాలను ఫుజిట్సు బయటి నుంచి మార్చగలదనీ ఆ తీర్పులో తేలింది. అది వీల్లేదని తపాలా సంస్థ ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చింది. రాజీ కింద వచ్చిన 57.75 మిలియన్ పౌండ్లలో చాలా భాగం దావా ఖర్చులకే పోయింది. నేర తీర్పులను మార్చిన సత్యం, బాధితులు తమ ఖర్చుతో కొనుక్కున్న సత్యం.

2021 ఏప్రిల్ 23న అప్పీలు కోర్టు 39 మంది శిక్షలు రద్దు చేసింది. అందులో హామిల్టన్, మిశ్రా, థామస్ ఉన్నారు. ముగ్గురు అప్పటికే చనిపోయారు. వీళ్ళ మీద కేసు నడపడమే న్యాయానికి అవమానమని కోర్టు అంది. కానీ ఆ తర్వాత దారి సన్నబడింది. ఉత్తరాలు రాసి పిలిచినా వందలమంది రాలేదు. ఊరు వదిలి వెళ్ళినవాళ్ళున్నారు, తపాలా ముద్ర ఉన్న కవరు చూస్తేనే వణికేవాళ్ళున్నారు. 2024 మొదలయ్యేసరికి రద్దయిన శిక్షలు వంద దాటలేదు.

ఆ జనవరిలో ఐటీవీ చానల్లో ఈ వ్యవహారం మీద వచ్చిన ధారావాహిక దేశాన్ని కుదిపింది. మే 24న పార్లమెంటు ఒక చట్టంతో ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలోని హొరైజన్ శిక్షలను ఒక్క కలంపోటుతో రద్దు చేసింది, స్కాట్లాండ్ తన చట్టం తాను చేసుకుంది. కోర్టు వేసిన శిక్షను శాసనసభ కొట్టేయడం ఏమిటని న్యాయవాదులు కొందరు కంగారుపడ్డారు. ఆ కంగారు నాకు అర్థమవుతుంది. అయినా ఇక్కడ అదే సరైన పని, ఎందుకంటే దరఖాస్తు అడగకుండా న్యాయం గుమ్మం దగ్గరికి వెళ్ళిన ఘట్టం ఇదొక్కటే. లోటు మాత్రం ఉంది. అప్పీలు కోర్టు అప్పటికే కాదన్నవాళ్ళకూ, సంక్షేమ శాఖ కేసులు పెట్టినవాళ్ళకూ ఆ చట్టం వర్తించలేదు. మాజీ న్యాయమూర్తి సర్ విన్ విలియమ్స్ నడిపిన అధికారిక విచారణ నివేదిక మొదటి సంపుటం 2025 జూలైలో వచ్చింది. ఈ వ్యవహారం కారణంగా 13 మంది ప్రాణం తీసుకుని ఉండవచ్చని అందులో ఉంది.

రాజ్యమే ముందుకొచ్చి వెతకడం అసాధ్యమేమీ కాదు. డెన్మార్క్‌లో 2019లో మొబైల్ టవర్ల సమాచారాన్ని పోలీసులకు అందించే సాఫ్ట్‌వేర్ కొన్ని వివరాలను జారవిడుస్తోందని తేలింది. ప్రాసిక్యూషన్ అధిపతి రెండు నెలలపాటు ఆ సాక్ష్యం వాడకాన్నే ఆపేశారు. 2012 నుంచి వచ్చిన పది వేలకు పైగా కేసులను తిరగేయమన్నారు. రిమాండులో ఉన్న 30 మందికి పైగా బయటికి వచ్చారు.

మన దేశానికి ఈ చరిత్రతో నేరుగా ముడి ఉంది. ఇంగ్లండ్ 2000 ఏప్రిల్‌లో ఆ షరతును తీసేస్తే, అదే ఏడాది అక్టోబరులో మనం దాన్ని పోలిన షరతును 65బీ సెక్షన్‌గా సాక్ష్య చట్టంలో చేర్చుకున్నాం. కంప్యూటర్ సరిగ్గా పనిచేస్తోందని ధ్రువపత్రం ఉండాలన్నారు. 2014లో అన్వర్ కేసులోనూ, 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులోనూ సుప్రీంకోర్టు ఆ పత్రం తప్పనిసరి అని తేల్చింది. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో అది 63వ సెక్షన్, నిపుణుడి సంతకం, హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య) కూడా కావాలి. మంచిదే. కానీ హ్యాష్ చెప్పేది నకలు మారలేదని మాత్రమే. అసలు లెక్కే తప్పయితే ఆ తప్పును అది భద్రంగా కాపాడుతుంది. పత్రంలో మొదటి భాగం మీద సంతకం యంత్రం నడిపేవాళ్ళదే. గిల్‌ఫర్డ్‌లో మిశ్రా విచారణలో అలాంటి పత్రం అడిగి ఉంటే ఫుజిట్సు సంతకం పెట్టి ఇచ్చేదని నా నమ్మకం. రేషన్ డీలరు చేతిలో ఈ-పాస్ యంత్రం, పల్లె పోస్టాఫీసులో బ్రాంచి పోస్ట్‌మాస్టర్ చేతిలో పరికరం ఉన్న మన ఊళ్ళలో, లోపాల చిట్టా చూసే హక్కు నిందితుడికి ఉందా అన్నదే అసలు ప్రశ్న. బ్రిటన్ న్యాయశాఖ 2025 జనవరిలో కంప్యూటర్ సాక్ష్యం మీద అభిప్రాయాలు అడగడం మొదలుపెట్టింది, సెక్షన్ తీసేసిన పాతికేళ్ళకు.

మళ్ళీ బ్రిటన్ సంగతికి వస్తే, హొరైజన్‌కు ముందు క్యాప్చర్ అనే సాఫ్ట్‌వేర్ ఉండేది. 1990లలో సబ్‌పోస్ట్‌మాస్టర్లు మామూలు పీసీల్లో వేసుకుని లెక్కలు చేసుకునేవారు. దానివల్ల లేని లోట్లు కనిపించి ఉండవచ్చని 2024లో క్రోల్ సంస్థ నివేదిక ఇచ్చింది. 2024 చట్టం హొరైజన్ పేరు మీద ఉంది కాబట్టి క్యాప్చర్ బాధితులను తాకలేదు. వీళ్ళు మళ్ళీ కమిషన్‌కు ఒక్కొక్కరుగా దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చింది. 2025లో దాదాపు 30 కేసులు అక్కడ ఉండేవి. కెంట్ తీరంలోని బ్రాడ్‌స్టెయిర్స్‌లో పోస్టాఫీసు నడిపిన ఒక మహిళకు 1998లో దొంగతనం కింద శిక్ష పడింది. 2025లో కమిషన్ ఆమె కేసును అప్పీలు కోర్టుకు పంపాలని నిర్ణయించింది. క్యాప్చర్‌ను నమ్మడానికి వీల్లేదని 1998లోనే ఒక నిపుణుడు నివేదిక రాశాడు. ఆమె కేసు కోసం రాసిందే అది, జ్యూరీ దాకా వెళ్ళలేదు. ఆమె 2003లో చనిపోయారు.